రిసీవర్‌ది తప్పు కాకపోవచ్చు: హోమ్ థియేటర్ ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఇవాళ మన విషయం హోమ్ థియేటర్ రిసీవర్. టీవీకీ స్పీకర్లకీ మధ్య కూర్చుని, ఇంట్లో ఉన్న వైర్లన్నీ వీపుకి తగిలించుకునే నల్ల డబ్బా ఉంటుంది చూడండి, అదే. ఈ డబ్బాల రిపేరులో చెయ్యి తిరిగిన మెకానిక్ గారు మనతో స్టూడియోలో ఉన్నారు. నమస్కారమండీ. మొదటి ఫోన్ అప్పుడే లైన్లో ఉంది. హలో?

శ్రోత: హలో... హలో...

వ్యాఖ్యాత: సార్, మీ రేడియో సౌండ్ తగ్గించి మాట్లాడండి. మా గొంతే మాకు తిరిగొస్తోంది.

శ్రోత: మిమ్మల్ని రిసీవర్‌లోనే పెట్టుకుని వింటున్నానండీ. ఐదు పక్కల నుంచీ మీరే! ఉండండి... ఆ, తగ్గించాను.

నిపుణుడు: అన్ని పక్కల నుంచీ వస్తోందంటే ఆల్ ఛానల్ స్టీరియోలో పెట్టుకున్నట్టున్నారు. చెప్పండి, ఏమిటి ఇబ్బంది?

శ్రోత: మాటలు వినపడవండీ. వినపడట్లేదు కదా అని పెంచుతానా, ఇంతలో బాంబు పేలుతుంది. ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడతారు. తగ్గిస్తాను, మళ్లీ మాటలు మాయం. సినిమా అయ్యేసరికి నా బొటనవేలు నొప్పెడుతోంది. రిసీవర్ మార్చేద్దామనుకుంటున్నాను.

నిపుణుడు: కొన్న దగ్గర్నుంచీ ఇంతేనా?

శ్రోత: లేదండీ, రెండు నెలలుగానే. అంతకుముందు బ్రహ్మాండంగా ఉండేది.

నిపుణుడు: రెండు నెలల కింద ఏం జరిగింది? ఏమైనా కదిపారా?

శ్రోత: గోడలకి రంగులు వేయించాం. అప్పుడు అన్నీ బయట పెట్టి మళ్లీ సర్దాం. అంతే, ఏమీ మార్చలేదు.

నిపుణుడు: ఇందాక ఐదు పక్కల నుంచీ అన్నారు. నిజంగా ఐదేనా? ఫోన్ పక్కన పెట్టి, ఒక్కో స్పీకరు దగ్గరికీ వెళ్లి జాలీకి చెవి ఆనించి లెక్కపెట్టుకు రండి.

వ్యాఖ్యాత: మీ లైను అలాగే ఉంచుతాం సార్. ఈలోగా ఇంకో ఫోన్. హలో, చెప్పండి.

శ్రోత: హలో సార్. కొత్త టీవీ కొన్నాను. రిసీవర్ పాతదే, ఐదు స్పీకర్లు, బేస్ మోగించే సబ్‌వూఫర్ ఒకటి. కొత్త టీవీ పెట్టిన దగ్గర్నుంచీ ముందు రెండే మోగుతున్నాయి. సరౌండ్ సౌండ్ మొత్తం పోయింది.

నిపుణుడు: ఇప్పుడు రిసీవర్ ముఖం మీద ఏం రాసి ఉంది బాబూ?

శ్రోత: ముఖం మీదా?

నిపుణుడు: డిస్‌ప్లే. దాంట్లో అక్షరాలు వస్తాయి కదా, చదువు.

శ్రోత: పీసీఎం అనుంది సార్. పక్కన స్టీరియో.

నిపుణుడు: ఇంకేం, తనకి రెండు ఛానళ్లే అందుతున్నాయని అదే చెబుతోందిగా. ఇవ్వనిది పాపం ఎక్కణ్నుంచి తెస్తుంది? టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్ అని ఉంటుంది. పీసీఎం అంటే టీవీయే సౌండుని విప్పి పంపడం. అది తీసేసి ఆటో గానీ, బిట్‌స్ట్రీమ్ గానీ, పాస్‌త్రూ గానీ పెట్టు, విప్పకుండా రిసీవర్‌కే వదులుతుంది. కంపెనీకో పేరు, పని దాదాపు ఒకటే. టీవీ నుంచి రిసీవర్‌కి ఏ కేబుల్ వేశావు?

శ్రోత: ఆప్టికల్ సార్. చివర ఎర్రగా వెలుగుతుంది.

నిపుణుడు: దాంట్లో పాత రకం సరౌండ్ ఫార్మాట్లు డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 వస్తాయి. 5.1 అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. వాటి తర్వాత వచ్చిన డాల్బీ డిజిటల్ ప్లస్ పట్టదు. టీవీ వెనక ఆర్క్ అని రాసున్న హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటుంది, టీవీ సౌండుని రిసీవర్‌కి వెనక్కి పంపే దారి అది. రిసీవర్‌లో హెచ్‌డీఎంఐ అవుట్ దగ్గర కూడా అదే మాట ఉందేమో చూడు. ఉంటే ఆ రెండిటినీ కలుపు. చాలా సెట్లలో సీఈసీ అని, ఒక పరికరం ఇంకోదాన్ని నడిపించే సెట్టింగు కూడా ఆన్‌లో ఉంటేనే ఆర్క్ పలుకుతుంది. జనం అక్కడే ఆగిపోతారు.

శ్రోత: అట్మాస్, అదే నెత్తి మీంచి కూడా సౌండ్ వచ్చేది, రావాలంటే ఈ-ఆర్క్ ఉండి తీరాలంటున్నారు సార్, నిజమేనా?

నిపుణుడు: సగం నిజం. ఆర్క్ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. దాని కొత్త రకం ఈ-ఆర్క్ 2017లో 2.1తో వచ్చింది, దాని దారి చాలా వెడల్పు. స్ట్రీమింగ్ యాపుల్లో వచ్చే అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్‌లో సర్దుకుని వస్తుంది. టీవీ దాన్ని అలాగే వదిలితే మామూలు ఆర్క్‌లోనూ దూరుతుంది. బ్లూ-రే డిస్కులో ఉండే పెద్ద సైజు ట్రూహెచ్‌డీ సౌండుకి మాత్రం ఈ-ఆర్క్ కావాలి, లేదా ప్లేయర్‌ని తిన్నగా రిసీవర్‌కే గుచ్చాలి. అది సరే గానీ, నీకున్నవి కింద ఐదు. డిస్‌ప్లేలో అట్మాస్ అని వెలిగినా పైనుంచి పలకడానికి పైన ఎవరున్నారు?

శ్రోత: ఎవరూ లేరు సార్.

నిపుణుడు: మరింకేం, ముందు ఐదూ పలకనీ.

వ్యాఖ్యాత: మొదటి శ్రోత తిరిగొచ్చారు. సార్, ఎన్ని?

శ్రోత: నాలుగేనండీ! టీవీ కింద మధ్యలో ఉన్నది చల్లగా కూర్చుంది. అలికిడే లేదు.

నిపుణుడు: అనుకున్నాను. రిసీవర్ ఆపి, ప్లగ్గు తీసి, దాని వెనక వైరు చూడండి.

శ్రోత: చూస్తున్నా... ఓరి నాయనో. ఊడి వేలాడుతోందండీ. ఒక కొసే ఉంది, రెండోది లేదు.

నిపుణుడు: చూశారా! 5.1 సినిమాలో మాటలు దాదాపు అన్నీ సెంటర్ స్పీకరుకే పంపిస్తారు. వైరు ఊడిన సంగతి రిసీవర్‌కి తెలీదు. ఒకప్పుడు మైకు పెట్టి, రిసీవర్ తనే స్పీకర్లని కొలుచుకునే సెటప్ చేసిననాడు సెంటర్ ఉంది కాబట్టి, ఇప్పటికీ ఉందనుకుని మాటలన్నీ అటే తోస్తోంది. మిగతా వాటిలోంచి మీకు సంగీతం, బాంబులు వినపడుతున్నాయి. ఎర్ర దాంట్లో ఎర్రది, నల్ల దాంట్లో నల్లది బిగించండి. ఆ తర్వాత కూడా మాటలు కాస్త తక్కువే అనిపిస్తే మెనూలో సెంటర్ లెవెల్ రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోండి. రాత్రిపూట బాంబులు ఎక్కువైతే నైట్ మోడ్ ఉంటుంది, చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ ఉన్న ఎడం తగ్గిస్తుంది. ఆ స్పీకరుని అరలో లోపలికి నెట్టారా?

శ్రోత: నెట్టానండీ, కనపడకుండా.

నిపుణుడు: అంచుదాకా లాగండి. గుహలో మాట్లాడినట్టుండే గొణుగుడు తగ్గుతుంది. రిసీవర్ జోలికి పోకండి.

వ్యాఖ్యాత: ఒక వైరు కొసతో పోయిందన్నమాట. తర్వాతి ఫోన్, హలో అమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా రిసీవర్ ఉన్నట్టుండి టక్కుమని ఆగిపోతుంది. ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటుంది. మళ్లీ ఆన్ చేస్తే కాసేపు మోగుతుంది, మళ్లీ టక్కు. ఒకాయన వచ్చి చూసి బోర్డు పోయింది, మార్చాలన్నాడు.

నిపుణుడు: మూత విప్పి చూశాడామ్మా?

శ్రోత: లేదు, పైపైనే చూశాడు.

నిపుణుడు: పైనుంచి చూసి బోర్డు పోయిందని చెప్పేంత దివ్యదృష్టి నాకైతే లేదు. ఆన్ చేయగానే ఆగుతోందా, కాసేపు నడిచాకా?

శ్రోత: గంటా గంటన్నరకి. సినిమాలో గోల ఎక్కువైనప్పుడు.

నిపుణుడు: ఎక్కడ పెట్టారు?

శ్రోత: అద్దాల తలుపుల అల్మారాలో. దుమ్ము పడకుండా తలుపులు మూసే ఉంచుతాం. పైన సెట్‌టాప్ బాక్సు ఉంటుంది.

నిపుణుడు: అదమ్మా సంగతి! రిసీవర్ పైమూతకి కన్నాలు ఎందుకున్నాయి? వేడి పైకి పోవడానికి. వాటి మీద బాక్సు పెట్టి, తలుపు మూసి, గంటన్నర యుద్ధం సినిమా చూపిస్తే అది తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. దాన్ని ప్రొటెక్షన్ అంటారు. చెడిపోయిందని కాదు, చెడిపోకుండా ఆగిందని అర్థం. నేనైతే ఒక లెక్క పెట్టుకున్నాను: పెట్టగానే ఆగితే ముందు వైర్లని అనుమానిస్తాను, నడిచి నడిచి ఆగితే వేడిని. ఇంకొక్కటి చూడండి. స్పీకర్ల వెనక ఓమ్స్ అని ఒక అంకె ఉంటుంది.

శ్రోత: ఒక్క నిమిషం... ముందు రెండిటికీ 4 అనుంది.

నిపుణుడు: రిసీవర్ వెనక, వైర్లు బిగించే చోట?

శ్రోత: 6 నుంచి 16 ఓమ్స్ అని రాశారు.

నిపుణుడు: అంకె తగ్గేకొద్దీ స్పీకరు ఎక్కువ కరెంటు లాగుతుంది. మీ రిసీవర్ మోయాల్సిన దానికంటే ఎక్కువ బరువు మోస్తోంది, అదీ గాలాడని గదిలో. ముందు తలుపులు తీసేయండి, పైన బాక్సు దించండి, జానెడు ఖాళీ ఇవ్వండి, సౌండు కాస్త తగ్గించి వారం చూడండి. అప్పటికీ ఆగితే ప్లగ్గు తీసి, వెనకున్న స్పీకరు వైర్లన్నీ విప్పి, ఉత్త రిసీవర్‌ని ఆన్ చేయండి. అప్పుడూ ఎర్ర లైటే అయితే లోపం లోపలే, మంచి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. నిలబడితే మాత్రం ఒక్కో స్పీకరూ కలుపుతూ పోండి, ప్రతిసారీ ఆపి. ఎక్కడో ఒక రాగి పోగు పక్కదాన్ని తాకుతూ ఉంటుంది. వెంట్రుకంత పోగు చాలు. మూత మాత్రం మీరు విప్పకండి, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్. చెప్పండి సార్.

శ్రోత: నాది చిన్న అనుమానమండీ. మా రిసీవర్‌లో వాల్యూమ్ మైనస్‌లో చూపిస్తుంది. మైనస్ 30, మైనస్ 25 అని. సున్నాకి తెస్తే పేలిపోతుందేమోనని ఎప్పుడూ తేలేదు.

నిపుణుడు: మంచిపనే చేశారు, పేలదు గానీ పక్కింటివాళ్లు వస్తారు. సున్నా అంటే సినిమా హాలు కొలత. సెటప్ సరిగా చేసి ఉంటే, ఆ దగ్గర ఒక్కో స్పీకరు గరిష్ఠంగా 105 డెసిబెల్స్ దాకా వెళ్లాలని లెక్క. ఇళ్లలో మైనస్ 20 దాటేవాళ్లు తక్కువే. మైనస్ చూసి కంగారొద్దు, చాలావాటిలో 0 నుంచి మొదలయ్యే అంకెలుగా మార్చుకోవచ్చు.

శ్రోత: అయితే మాది 80 వాట్లదండీ. 160ది తీసుకుంటే రెట్టింపు సౌండ్ వస్తుందా?

నిపుణుడు: రాదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్, కొంచెం పెరిగిందని తెలుస్తుంది, అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. పైగా డబ్బా మీద ఆ 160 ఎలా కొలిచారో చిన్నక్షరాల్లో చదవండి. ఒక్క ఛానల్ నడిపి, 6 ఓమ్స్‌కి, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో, అంటే శబ్దం చెడిపోయేదాకా తోసి, అని ఉంటే అది ఎగ్జిబిషన్ అంకె. రెండు ఛానళ్లూ నడిపి, 8 ఓమ్స్‌కి, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా కొలిచిన 80 దానికంటే నయం కావచ్చు.

వ్యాఖ్యాత: ఇంకొకరు. హలో.

శ్రోత: సార్, మైకు పెట్టి ఆటో సెటప్ చేశాను. సబ్‌వూఫర్ 18 అడుగుల దూరంలో ఉందంటుంది. టేపుతో కొలిస్తే 9. అసలు మా గది పొడవే 14! గోడ అవతల పెట్టానా నేను? వెంటనే 9కి సరిచేశాను.

నిపుణుడు: అయ్యో, సరిచేశారా! వెంటనే 18కి తిప్పేయండి. మైకు టేపు పట్టుకుని కొలవదండీ, శబ్దం ఎంతసేపటికి చేరిందో కొలుస్తుంది. శబ్దం మిల్లీసెకనుకి అడుగు పైచిలుకు నడుస్తుంది. సబ్‌వూఫర్ లోపల ఫిల్టర్లు, సర్క్యూట్లు ఉంటాయి, వాటిని దాటి రావడానికి దానికి ఓ 8 మిల్లీసెకన్లు ఆలస్యమైంది. ఆ ఆలస్యాన్ని రిసీవర్ అడుగుల్లోకి మార్చి చూపిస్తోంది, మిగతా స్పీకర్లని ఆ మేరకు ఆపి అన్నీ ఒకేసారి మీ చెవికి చేరేట్టు చేస్తుంది. టేపు కంటే మైకే కరెక్టు. అన్నట్టు మైకు ఎక్కడ పెట్టారు?

శ్రోత: సోఫా మీద, దిండు పైన.

నిపుణుడు: అది మాత్రం తప్పు. కూర్చున్నప్పుడు చెవులుండే ఎత్తుకి, స్టాండు మీద పెట్టండి. ఫ్యాను ఆపండి, సెటప్ అయ్యేదాకా ఎవరినీ మాట్లాడనివ్వకండి. అయ్యాక స్పీకర్లని లార్జ్ అని పెట్టిందేమో చూడండి. చిన్న స్పీకర్లకి స్మాల్ అని, క్రాస్ఓవర్ 80 హెర్ట్జ్ అని పెడితే అంతకంటే కిందున్న బేస్ శబ్దాలు సబ్‌వూఫర్‌కి పోతాయి. స్మాల్ అన్నారని చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

వ్యాఖ్యాత: ఒక మెసేజ్ వచ్చింది. 2020లో కొన్న రిసీవర్, గేమ్ కన్సోల్ పెట్టి 4కె 120 హెర్ట్జ్, అంటే సెకనుకి 120 బొమ్మలు, పెడితే తెర నల్లబడుతోందట.

నిపుణుడు: ఆ ఏడాది వచ్చిన కొన్ని రిసీవర్లలో హెచ్‌డీఎంఐ చిప్‌లోనే లోపం ఉంది, కేబుళ్లు మార్చి లాభం లేదు. కన్సోల్‌ని తిన్నగా టీవీకి గుచ్చి, సౌండు ఈ-ఆర్క్ మీదుగా రిసీవర్‌కి తెచ్చుకోమనండి.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోన్ తీసుకుందాం. హలో.

శ్రోత: బాబూ, నా రిసీవర్‌కి 20 ఏళ్లు దాటాయి. ఎడమ స్పీకరు పొద్దున పలకదు. వాల్యూమ్ గట్టిగా పెంచి ఒక్కసారి అదరగొడితే లేస్తుంది. లేచాక రోజంతా చక్కగా పాడుతుంది. మావాడు కొత్తది కొనమంటాడు.

నిపుణుడు: పెద్దాయనా, ముందు కరెంటు ఆపి, రిసీవర్ వెనక కుడి వైరు ఎడమకి, ఎడమది కుడికి మార్చి చూడండి. జబ్బు కుడి స్పీకరుకి మారితే లోపం రిసీవర్‌ది, ఎడమ దగ్గరే ఉంటే స్పీకరుది గానీ, దాని వైరుది గానీ.

శ్రోత: మార్చి చూశాను బాబూ. కుడికి వచ్చింది.

నిపుణుడు: అయితే రిలే. ఆన్ చేసిన కాసేపటికి లోపల టిక్కుమంటుందే, స్పీకర్లకి సౌండుని కలిపే స్విచ్చు, అదే. దాని కాంటాక్టులు ఇన్నేళ్లకి నల్లబడి ఉంటాయి. చిన్న కరెంటు ఆ పొరని దాటలేదు, మీరు అదరగొట్టినప్పుడు దూరుతుంది. ఆ ఒక్క రిలే మార్పిస్తే చాలు, చిన్న భాగమే. దాని ఒంటి మీదే నంబరు ఉంటుంది, అదే రకం వేయమనండి.

శ్రోత: దీనికి హెచ్‌డీఎంఐ లేదు మరి. టీవీకి పనికొస్తుందా?

నిపుణుడు: ఆప్టికల్ ఉందా?

శ్రోత: ఉంది, ఉంది.

నిపుణుడు: టీవీలో డాల్బీ డిజిటల్ అని పెట్టండి, 5.1 ఇస్తుంది. బొమ్మ టీవీ చూసుకుంటుంది, పాట ఇది చూసుకుంటుంది. రిలే మార్చేదాకా మాత్రం అలా అదరగొట్టి లేపకండి. అది లేచేలోపు మీ స్పీకర్లో సన్నని శబ్దాలు పలికే ట్వీటర్ పడుకుంటుంది.