జేడ్ మొక్క పిచ్చిగా పెరిగిందా? కత్తిరించేముందు ఇది చూడండి

అందరికీ నమస్కారం. ఈ కుండీ చూడండి. మా పక్కింటి పిన్నిగారి జేడ్ మొక్క ఇది. ఒక కొమ్మ కిటికీ వైపు సాగిపోయింది, ఇంకోటి బరువుకి కుండీ అంచు మీదుగా వాలిపోయింది. మధ్యలో చూస్తే ఒక్క ఆకు లేదు, ఉన్న ఆకులన్నీ కొసల్లోనే. "పారేద్దామనుకుంటున్నానమ్మా, ఒకసారి చూస్తావా" అన్నారు. వేర్లు బాగుంటే పారేయాల్సిన అవసరమే లేదు. ఈ మొక్క చాలా మొండిది.

కత్తెర పట్టుకునే ముందు, అసలు మీ దగ్గరున్నది ఏ జేడ్? కడియం వెళ్ళినా, హైదరాబాద్‌లో రోడ్డు పక్కన నర్సరీకి వెళ్ళినా, జేడ్ అని అడిగితే తరచుగా చేతికిచ్చేది పోర్టులకేరియా ఆఫ్రా. గోరంత చిన్న ఆకులు, ఎర్రటి సన్నని కాడలు ఉంటాయి. దక్షిణాఫ్రికాలో దీన్ని ఏనుగులు ఇష్టంగా తింటాయి. పిన్నిగారిది అది కాదు, క్రాసులా ఓవేటా. ఆకు బొటనవేలంత ఉంటుంది, మందంగా నిగనిగలాడుతుంది, ఎండ బాగా తగిలితే అంచులు ఎర్రబడతాయి. దీని సొంత ఊరు కూడా ఆ దక్షిణాఫ్రికా వైపే. కత్తిరించే పద్ధతి రెండిటికీ ఒకటే. కాకపోతే మన ఎండలకీ వానలకీ పోర్టులకేరియా బాగానే తట్టుకుంటుంది, క్రాసులా కాస్త ఇబ్బంది పడుతుంది. అందుకే క్రాసులాని ఏప్రిల్, మే నెలల్లో, జోరు వానల్లో ముట్టుకోకండి. వానలు వెనకబడ్డాక, లేదంటే ఎండలు ముదరకముందు ఫిబ్రవరిలో కత్తిరింపు పెట్టుకోండి.

ఇప్పుడు ఈ కాడ దగ్గరగా చూడండి. కణుపుకీ కణుపుకీ మధ్య ఇంత దూరం ఎందుకొచ్చింది? వెలుతురు చాలక. డబ్బు కలిసొస్తుందని హాల్లో టీవీ పక్కన మూలకి పెడతాం. డబ్బు సంగతి నాకు తెలియదు కానీ, ఆ మూలలో మొక్క మాత్రం వెలుతురు వెతుక్కుంటూ సాగిపోతుంది. మళ్ళీ అక్కడే పెట్టేటట్టయితే కత్తిరించినా లాభం లేదు, కొత్త కొమ్మలూ ఇలాగే వస్తాయి. పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగిలే చోటు చూసుకోండి. ఒకేసారి ఎండలోకి లాగితే ఆకులు మాడతాయి, వారం పది రోజుల్లో మెల్లగా జరపండి.

సరే, కత్తిరిద్దాం. కత్తెరని స్పిరిట్‌తో తుడిచాను. ముందు ఎండిపోయినవి, లోపలికి తిరిగినవి, ఒకదానికొకటి రాసుకుంటున్నవి తీసేస్తున్నా. తర్వాత పొడుగు కొమ్మలు. కాడ మీద ఉంగరంలా గీతలు కనిపిస్తున్నాయా? అవే కణుపులు, ఒకప్పుడు అక్కడ ఆకులుండేవి. గీతకి సరిగ్గా ఆనించి కాకుండా కొంచెం పైన కోయండి. ఆ మిగిలిన ముక్క తనంతట తనే ఎండి రాలిపోతుంది, గీత దగ్గర నుంచి తరచుగా రెండు చిగుళ్ళు వస్తాయి. ఒక కొమ్మ రెండయ్యేది అక్కడే. కింద ఆకు ఒక్కటీ లేదని భయపడకండి, బోడి కాడ నుంచి కూడా చిగురొస్తుంది. కాడ ఎక్కడైనా మెత్తగా, గోధుమరంగులో ఉందంటే అది కుళ్ళు. లోపల శుభ్రంగా కనిపించే దాకా కోస్తూ రండి. మొత్తం మీద ఒకసారికి మూడో వంతు తీస్తే చాలు. మిగతాది చిగుళ్ళు వచ్చాక చూసుకోవచ్చు.

ఆకుల సందుల్లో తెల్లగా దూదిలాంటిది కనిపిస్తే పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి. మొక్క బోడిగా ఉన్నప్పుడే ఈ పని తేలిక.

ఇక నీళ్ళు. నన్నడిగితే జేడ్ చచ్చిపోయేది కత్తెర వల్ల కాదు, ఆ తర్వాత మనం చూపించే ప్రేమ వల్ల. అయ్యో కోసేశాం కదా అని రోజూ చెంబుడు పోస్తాం. ఆకులు తగ్గాయంటే మొక్క తాగే నీళ్ళు కూడా తగ్గుతాయి, పోసిందంతా మట్టిలోనే నిలిచి వేర్లు కుళ్ళుతాయి. పైగా క్రాసులా పగలు ఆకుల్లోని సూక్ష్మ రంధ్రాలు మూసుకుని, ఎక్కువగా రాత్రిపూట తెరుస్తుంది. నీళ్ళు పోకుండా అది చేసుకున్న ఏర్పాటు అది. కాబట్టి కత్తిరించాక వారం దాకా నీళ్ళు వద్దు. ఆ తర్వాత కూడా వేలు రెండు అంగుళాలు లోపలికి పెట్టి చూడండి, పూర్తిగా పొడిగా ఉంటేనే పోయండి. కుండీ కింద ప్లేట్లో నిలిచిన నీళ్ళు పారబోయండి. ఎరువు కూడా ఇప్పుడే వద్దు, చిగుళ్ళు కనిపించాక వేద్దాం. వాతావరణం అనుకూలంగా ఉంటే మూడు నాలుగు వారాల్లో కనిపిస్తాయి.

కుండీ మార్చాలా అని అడుగుతారు. వేర్లు కుళ్ళితే తప్ప ఈరోజే వద్దు, రెండు దెబ్బలు ఒకేసారి ఎందుకు? మార్చినప్పుడు కూడా పెద్ద కుండీకి పోకండి. అడుగున చిల్లున్న మట్టి కుండీ, ఎర్రమట్టిలో సగానికి సగం ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు, గుప్పెడు వర్మీ కంపోస్ట్. కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, ఎక్కువ కలిపితే తడి ఆరదు.

కోసిన ముక్కలు పారేయకండి. కింది ఆకులు తీసేసి, నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టండి. కోసిన చోట పొర కట్టాక ఇసుక ఎక్కువున్న మట్టిలో గుచ్చితే వేర్లు పట్టేస్తాయి. క్రాసులాకైతే రాలిన ఆకుని మట్టి మీద పెట్టినా మొక్క వస్తుంది. పోర్టులకేరియా ఆకుతో ఆ ఆశ పెట్టుకోకండి, దానికి కాడ కావాల్సిందే. ఆరబెట్టేది మాత్రం కాస్త ఎత్తు మీద పెట్టండి. ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే క్రాసులా ఆకులు వాటికి పడవు, తింటే వాంతులు చేసుకుంటాయి.