పొలాల చెరువులో ఒక రోజు

శ్రోతలకు నమస్కారం.

సెలవులు వస్తున్నాయంటే చాలు, ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. పిల్లలకు నీళ్లూ పడవలూ కావాలి. పెద్దవాళ్లకు గుడి కావాలి. బండి నడిపేవాళ్లకు గుంతలు లేని రోడ్డుంటే చాలు. ఈ ముగ్గురినీ ఒకే దారిలో మెప్పించే చోటు ములుగు జిల్లాలో ఉంది. అదే గోవిందరావుపేట మండలంలోని లక్నవరం చెరువు. హైదరాబాదు నుంచి వరంగల్, ములుగు మీదుగా సుమారు 220 కిలోమీటర్లు. చల్వాయి దగ్గర పెద్ద రోడ్డు వదిలి బుస్సాపూర్ వైపు లోపలికి వెళ్తే అడవి మొదలవుతుంది, ఆ వెనకే నీళ్లు కనిపిస్తాయి.

ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది దీన్ని రిసార్టు అనుకునే వస్తారు. కాటేజీలు, వేలాడే వంతెన, స్పీడ్ బోట్లు అన్నీ ఉన్నాయి కాబట్టి అలా అనుకోవడంలో తప్పు లేదు. కానీ ఇవన్నీ మొన్న మొన్న వచ్చినవి. చెరువు మాత్రం కాకతీయుల నాటిది, 13వ శతాబ్దంలో తవ్వించింది. తవ్వించింది అని మాటవరసకు అంటున్నాను గానీ, నిజానికి ఇక్కడ తవ్వింది తక్కువ. చుట్టూ గుట్టలున్న చోటు చూసి, వాటి మధ్య ఖాళీని మట్టికట్టతో మూసేశారు. అడవిలో కురిసిన వాన వాగులుగా దిగి వచ్చి అక్కడ ఆగిపోయింది. ఇప్పుడు మనం దీవులు అని ఫొటోలు తీసుకునేవి అలా నీళ్ల మధ్య మిగిలిపోయిన గుట్టల తలలే.

ఈ సంగతి తెలిస్తే ఎప్పుడు వెళ్లాలో కూడా తెలుస్తుంది. వానలు తగ్గాక, అంటే దసరా నుంచి సంక్రాంతి దాకా చెరువు నిండుగా ఉంటుంది. యాసంగి పంటకు తూములు, అంటే కట్టలోంచి నీళ్లు వదిలే దారులు, ఎత్తితే నీళ్లు పొలాలకు వెళ్లిపోతాయి. నిండు వేసవిలో వచ్చి, "ఫొటోల్లో అంత నీళ్లున్నాయి, ఇక్కడ ఇంతేనా?" అని విసుక్కునేవాళ్లను చూశాను. ఆ నీళ్లు వాళ్లు వచ్చిన దారిలోనే, రోడ్డు పక్క వరిచేలల్లో ఉన్నాయి మరి! వానాకాలంలో చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే మత్తడి పోసే రోజుల్లో అందం వేరే చెప్పక్కర్లేదు గానీ, వరద ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. కనుక్కునే బయల్దేరండి.

వేలాడే వంతెన గురించి పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచడం మంచిది. ఇనుప తీగల మీద వేలాడుతుంది కాబట్టి పదిమంది నడిస్తే ఊగుతుంది. మా అమ్మ మొదటి అడుగు వేయగానే, "నేను రానురా, మీరు వెళ్లి రండి" అంది. మనవరాలు వినలేదు, చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. మధ్యలో ఆగి అమ్మ అడిగిన మొదటి మాట, "ఈ చెరువుకు తూము ఎక్కడుందిరా?" అని. వ్యవసాయం చేసిన ఇంటి మనిషి కదా! నీళ్లు చూస్తే ఏ పొలాలకు పోతాయన్నదే ముందు గుర్తొస్తుంది. ఆ తర్వాత పిల్లలకు తూమంటే ఏంటి, మత్తడి ఎందుకు, పొలాలకు నీళ్లు వదిలే నీరటికాడు ఏం చేసేవాడు అని చెప్పుకుంటూ వంతెన దాటేసింది. తను భయపడుతున్న సంగతే మర్చిపోయింది.

ఇక అవసరమైన సంగతులు. శని, ఆదివారాలు కాటేజీలు దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోండి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ ఉక్కగా ఉందని విప్పొద్దు, పిల్లల చేత అసలే విప్పించొద్దు. మధ్యాహ్నం హోటల్ దగ్గర రద్దీ ఉంటుంది, చేపల వేపుడు కోసం ఆగే ఓపిక లేకపోతే పులిహోర కట్టుకెళ్లండి. తిన్న ప్లేట్లు, కవర్లు మాత్రం తిరిగి బండిలోనే వేసుకోండి. చెరువులో పడేస్తే అవి తూములకు అడ్డం పడతాయి, లేదంటే చేపలు పట్టేవాళ్ల వలల్లో తేలతాయి.

గుడి అన్నాను కదా. పాలంపేటలో రామప్ప గుడి ఈ దారికి దగ్గరే. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. నల్లరాతి నాట్యకత్తెల బొమ్మల దగ్గర పిల్లలు కూడా కాసేపు అల్లరి మానేస్తారు. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లకు ముందు రామప్పే తగులుతుంది. పొద్దున్నే అక్కడికి చేరండి. ఎండెక్కితే ఆ బండల మీద ఉత్తకాళ్లతో నిలబడలేం. గుడి చూసుకుని మధ్యాహ్నానికి లక్నవరం చేరితే సాయంత్రం దాకా తీరిగ్గా గడపొచ్చు.

రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర జరుగుతుంది. సమ్మక్క సారలమ్మల దర్శనానికి లక్షల జనం ఇదే రోడ్డు మీద వెళ్తారు. జాతరకైతే సంతోషంగా రండి, చెరువు కోసమైతే ఆ వారం వద్దు.

ఇంకొక్క మాట. ఎంత చక్కగా అనుకుని వెళ్లినా, సాయంత్రం నాలుగింటికి బండిలో ఒకరు లేస్తారు, "ఎలాగూ ఇంత దూరం వచ్చాం, బొగత జలపాతం కూడా చూసేద్దాం" అని. ఒప్పుకోకండి. అది ఏటూరునాగారం దాటి, గోదావరి దాటి, వాజేడు మండలంలో ఉంది. దానికి ఇంకో సెలవు పెట్టుకోండి.

నమస్కారం.