ఇత్తడి బిళ్ళ

శ్రోతలకు నమస్కారం.

మా పెదనాయన ఇంట్లో ఒక ఇత్తడి బిళ్ళ ఉంది, దాని మీద నంబరు కొట్టి ఉంటుంది. గనిలోకి దిగేముందు తీసుకోవాలి, పైకొచ్చాక తిరిగి ఇచ్చేయాలి. షిఫ్టు అయ్యాక ఒక బిళ్ళ తగ్గిందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. పెదనాయన మన కుప్పం దగ్గర, గుడుపల్లె మండలం చిగురుగుంట బంగారు గనిలో పనిచేశారు. 2001లో కర్ణాటకలోని కోలార్ బంగారు గనులతో పాటు అదీ మూతపడింది. ఆ బిళ్ళను ఎవరూ వెనక్కి అడగలేదు.

చంద్రగిరి వెళ్తే రాజమహల్లో మ్యూజియం చూస్తాం, రాజులు తిరిగిన చోటు కాబట్టి బాగానే కాపాడుకున్నాం. మరి కూలీలు దిగిన చోటు? కోలార్‌లో మూడు కిలోమీటర్ల లోతుకు పైగా తవ్వారు, ఆ గనుల కోసమే 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చారు. అక్కడా ఇక్కడా రాతిధూళి పీల్చి దగ్గుతూ బతికిన వాళ్ళు మన పల్లెల్లో ఎంతమందో. ఇదంతా చరిత్ర కాదంటే నేను ఒప్పుకోను.

గని మూసి పంపులు ఆపేస్తే అడుగు నుంచి నీళ్ళు నిండుతూ వస్తాయి, కాబట్టి లోపలిదంతా కాపాడటం కష్టమే. కానీ పైన ఉన్నవి ఉంచుకోవచ్చు కదా: మనుషులను దించి లేపే కేజ్, అంటే ఇనుప బోను, దాని తాడును మోసే కప్పీల చట్రం హెడ్‌గేర్, ఇంజిను ఇల్లు, పాత మ్యాపులు. ఇనుము అయితే ముందు పాతసామాను వాళ్ళకు పోతుంది, కాగితాలకు చెదలు పడుతుంది. షాఫ్టు, అంటే గనిలోకి దిగే నిలువు గొయ్యి, చుట్టూ గట్టి కంచె మాత్రం తప్పనిసరి, అక్కడ పిల్లలు, మేకలు తిరుగుతుంటాయి.

వేల్స్ దేశంలో బిగ్ పిట్ అనే బొగ్గు గనిని 1980లో మూసి, 1983లో మ్యూజియంగా తెరిచారు. వచ్చినవాళ్ళకు హెల్మెట్ పెట్టి, 90 మీటర్ల కిందికి దించి, అందులో పనిచేసిన కార్మికులే దగ్గరుండి చూపించారు, నాకు బాగా నచ్చింది ఇదే. మన దగ్గర మళ్ళీ తవ్వుతారన్న మాట ఏళ్ళుగా వినిపిస్తోంది. తవ్వితే పనులొస్తాయి, మంచిదే, కానీ పాతదాన్ని ఫొటోలు తీసి, కొలతలు రాసుకున్నాకే ముట్టుకోండి.

అంతకంటే ముందు, కుప్పం వైపు ఉన్న శ్రోతలు, మీ ఇంట్లో గనిలో పనిచేసిన పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారం పక్కన కూర్చుని ఫోన్లో వాళ్ళ మాటలు రికార్డు చేయండి. కేజ్ దిగేటప్పుడు చెవులు ఎలా మూసుకుపోయేవో, కింద ఎంత వేడిగా ఉండేదో అడగండి. మా పెదనాయన బిళ్ళ చేతిలో పెట్టగానే గంటన్నర మాట్లాడారు.