విదేశీ ఆర్డర్: డబ్బు పడిందా, పడినట్టు కనిపించిందా?

నమస్కారమండీ. బరంపురం పట్టుచీరలు, పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు ఫోన్‌లోనే అమ్ముకుంటున్న మనవాళ్ల కోసం ఈ వీడియో. అమెరికా నుంచి ఆర్డర్ అనగానే డబ్బు సంగతి చూసుకోకుండా పార్సెల్ కట్టేసేవాళ్లున్నారు. కాస్త ఆగండి.

ముందు ఈ మెయిల్ చూడండి. మీకు చూపించడానికి నేనే తయారుచేసిన నమూనా ఇది. చీర ధర 140 డాలర్లు. మెయిల్‌లో మాత్రం 390 డాలర్లు వచ్చాయని ఉంది. విదేశాల నుంచి డబ్బు తెప్పించుకునే పేపాల్ యాప్ గుర్తు ఉంది, రంగులూ అవే. కింద ఏముందో చదవండి: "అదనంగా పంపిన 250 డాలర్లు మా షిప్పింగ్ ఏజెంటుకు యూపీఐలో కట్టండి, రసీదు పెట్టాకే మీ డబ్బు విడుదలవుతుంది." ఇప్పుడు పంపినవాళ్ల పేరు మీద నొక్కుతున్నాను. పైకి పేపాల్, లోపల మామూలు జీమెయిల్ అడ్రసు!

ఇలాంటి మెయిల్‌లో లింకు ముట్టుకోకండి. పేపాల్ యాప్ విడిగా తెరిచి చూడండి. అక్కడ కనపడకపోతే డబ్బు రానట్టే. బ్యాంకులో వేశామంటూ స్విఫ్ట్ కాపీ, అంటే విదేశీ బ్యాంకు డబ్బు పంపినట్టు చూపే కాగితం, పీడీఎఫ్‌గా పంపినా అంతే, మన ఖాతాలో జమ అయ్యేదాకా చీర బీరువాలోనే ఉండాలి. ఎక్కువ పంపాం, మిగిలింది ఇంకొకరికి కట్టండి అన్నారా, బేరం అక్కడితో సరి. "మాది కూడా ఇచ్ఛాపురమే అండీ, నమ్మరా?" అని చక్కటి తెలుగులోనే అడుగుతారు. ఊరి పేరు ఎవరైనా చెప్పొచ్చు.

సరే, డబ్బు నిజంగానే పడింది. అసలు టెన్షన్ ఇప్పుడే మొదలు. పేపాల్‌లో డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజుల వరకూ కొన్నవాళ్లు ఫిర్యాదు పెట్టొచ్చు. వాళ్లు గెలిస్తే మన బ్యాంకుకు వచ్చేసిన డబ్బయినా తిరిగి కట్టాల్సిందే. కాబట్టి పేమెంట్ వివరాల్లో ఏ అడ్రసు ఉందో దానికే పంపండి. తర్వాత వాట్సాప్‌లో "మా చెల్లెలి ఇంటికి పంపండి" అంటే, ఆ డబ్బు వచ్చిన దారినే రిఫండ్ చేసి, కొత్త అడ్రసుతో మళ్లీ కట్టమనండి. మొహమాటపడొద్దు. ట్రాకింగ్ తప్పనిసరి. 750 డాలర్లు దాటిన ఆర్డర్‌కు అందుకున్నవాళ్ల సంతకం కూడా ఉండాలి.

"ఫొటోలో ఉన్న చీర కాదు" అనేది ఇంకో పేచీ. దీనికి ప్యాకింగ్ వీడియో తీసిపెట్టుకోండి. కుంభం అంచు దగ్గరగా, తర్వాత కొంగు, పొడవు కొలత, మడత, కవరు అంటించడం, అడ్రసు చీటీ, కాటా మీద బరువు. అన్నీ ఒకే షాట్‌లో రావాలి. మధ్యలో కట్ చేస్తే అనుమానానికి తావిచ్చినట్టే.

అడిగిన రంగులో నేయించే జోడుకు సగం అడ్వాన్సు, పంపేముందు మిగతా సగం. వాళ్లు వద్దంటే ఆ రంగు ఇక్కడ ఎవరు కొంటారు?

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతుల కోడ్ కావాలి. విదేశీ వ్యాపారం చూసే ప్రభుత్వ శాఖ డీజీఎఫ్‌టీ సైట్‌లో ఫీజు 500 రూపాయలు. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య దాన్ని అప్‌డేట్ చేయకపోతే ఆగిపోతుంది. మార్పులేవీ లేకపోయినా సరే, చేయాలి. పోస్టులో పంపేవాళ్లు డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం, అంటే పోస్టాఫీసులోని ఎగుమతి కేంద్రం గురించి అడగండి. కొమ్ము సామానైతే అవతలి దేశం రానిస్తుందో లేదో ముందే కనుక్కోండి. జంతువుల నుంచి వచ్చే వస్తువులతో ఆస్ట్రేలియా చాలా గట్టిగా ఉంటుంది.

అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సెళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి లేదు. సుంకం ఎవరు కట్టాలో ఆర్డర్ తీసుకునేటప్పుడే రాతలో ఒప్పుకోండి. లేదంటే పార్సెల్ గుమ్మం దాకా వెళ్లాక "ఇదేమిటి కొత్తగా" అని తీసుకోరు. ఇక్కడే "గిఫ్ట్ అని రాయండి, ధర 20 డాలర్లు వేయండి" అని బతిమాలతారు. కస్టమ్స్ దగ్గర అది తప్పుడు ప్రకటన. పైగా పార్సెల్ పోతే, పరిహారం అడగడానికి మన చేతిలో ఉండేది ఆ 20 డాలర్ల కాగితమే.