ముందు మూత పెట్టండి

శైలజ: నమస్కారం. కర్నూలు నుంచి శైలజను మాట్లాడుతున్నాను. మేడమీది గదిలో రికార్డు చేస్తున్నాం కాబట్టి మధ్యలో నీళ్ల మోటారు శబ్దం వినిపిస్తే మన్నించండి. ఈ వారం అతిథి మా బాబాయి. 31 ఏళ్లు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పారు. నిరుడు అరిజోనాలో మా తమ్ముడి దగ్గర నాలుగు నెలలు ఉన్నారు. ఆ పక్కింటాయన తన గరాజులో ఖాళీ తూటాలను మళ్లీ నింపుకుంటాడట. అందులో పోసే మందును ఎలా ఎంచుకుంటారో బాబాయి అక్కడ కూర్చుని చూసి వచ్చారు.

బాబాయి: చుట్టాలకు చెబితే అందరూ ఒకటే నవ్వు. "నాలుగు నెలలు మందు గురించి నేర్చుకున్నాను" అన్నాను మరి.

శైలజ: అది ఏ మందో ముందే చెప్పవలసింది. పైగా మనది కర్నూలు. తుపాకి మందు అన్నా అనుమానంగానే చూస్తారు!

బాబాయి: అందుకే చట్టం సంగతి మొదటే చెప్పేస్తాను. మన దేశంలో ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి ప్రత్యేకంగా లైసెన్సు ఉండాలి. ఇంట్లో తుపాకి ఉంచుకోవడానికి ఇచ్చిన లైసెన్సు ఇందుకు పనికిరాదు. 2019 సవరణ తరవాత శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. అమెరికాలో సొంత వాడకానికైతే కేంద్ర చట్టం లైసెన్సు అడగదు, అమ్మకానికి చేస్తేనే అడుగుతుంది. కాబట్టి నేను చెప్పేదంతా అక్కడి గరాజు సంగతి.

శైలజ: అసలు ఎందుకు నింపుకుంటారు? దుకాణంలో దొరుకుతాయి కదా?

బాబాయి: తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల మందు, మూతిలో గుండు. పేలిన తరవాత మిగిలేది ఇత్తడి తొడుగు ఒక్కటే. దాన్ని పారేయడం వాళ్లకు మనసొప్పదు. నింపితే మళ్లీ మళ్లీ పనికి వస్తుంది. పైగా తన రైఫిలుకు ఏది సరిపడుతుందో చూసుకుని కొలత కుదుర్చుకోవచ్చు. ఆయన అడవికి వెళ్లేవాడు కాదులే, కాగితం మీద చుక్క పెట్టి కొట్టే మనిషి.

శైలజ: ఇక మందు దగ్గరికి వద్దాం.

బాబాయి: అలమరలో ఏడెనిమిది డబ్బాలున్నాయి. వాటిని చూడగానే నేను అడిగిన మొదటి ప్రశ్న, "వీటిలో అన్నింటికన్నా బలమైనది ఏది?" ఆయన నవ్వి ఊరుకున్నాడు. ప్రశ్నే తప్పని రెండు రోజుల తరవాత అర్థమైంది. బలాన్ని బట్టి ఎంచరు తల్లీ, ఎంత త్వరగా కాలుతుందో చూసి ఎంచుతారు. ఎండుగడ్డీ మంటే, చింత మొద్దూ మంటే. గడ్డి మంట మీద పప్పు ఉడకదు, మొద్దు పెట్టి అప్పడం కాల్చుకోలేం.

శైలజ: తుపాకిలో అప్పడం ఏది, పప్పు ఏది?

బాబాయి: పిస్తోలు అప్పడం. గొట్టం జానెడు కూడా ఉండదు, గుండు తేలిక. ఇట్టే బయటికి పోతుంది కాబట్టి గబగబా కాలే మందు కావాలి. పెద్ద రైఫిలుకు గొట్టం పొడుగు, తొడుగులో చోటు ఎక్కువ, గుండు బరువు. అక్కడ గుండు కదిలి ముందుకు సాగే కొద్దీ వెనక నుంచి తోస్తూ ఉండే నిదానపు మందు కావాలి. ఆ తొడుగు నిండా పిస్తోలు మందు పోశావనుకో, గుండు కదిలేలోపే మొత్తం వాయువైపోతుంది. సినిమా హాల్లో ఆట వదిలినప్పుడు వరసలవారీగా లేస్తే ఒక్క తలుపు చాలు. అందరూ ఒకేసారి లేచి మీద పడితే తలుపే ఊడుతుంది. ఇక్కడ ఊడే తలుపు నీ చెంప పక్కనే ఉంటుంది.

శైలజ: ఇదంతా పొడే కదా, ఒకటి నిదానంగా, ఒకటి వేగంగా ఎలా కాలుతుంది?

బాబాయి: పొడి అనకు. అరచేతిలో పోసుకుని చూశాను. ఒక డబ్బాలో సన్నని అటుకుల్లాంటి రేకులు. ఇంకోదానిలో గసగసాల్లా గుండ్రటి గింజలు. మూడోది సేమియా చిన్నచిన్న ముక్కలుగా తరిగినట్టు ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి ముక్కకూ నడుమ నిలువునా సన్నని రంధ్రం!

శైలజ: రంధ్రం ఎందుకు?

బాబాయి: పాఠం చెప్పే రోజుల్లో ఈ ఉదాహరణ తెలియకపోయిందే అని నిజంగా బాధపడ్డాను. మందు పైపై నుంచే కాలుతుంది. గట్టి కడ్డీ అయితే కాలేకొద్దీ సన్నబడుతుంది, మండే ఉపరితలం తగ్గిపోతుంది, మంట నీరసిస్తుంది. నడుమ రంధ్రం ఉంటే బయటి వైపు తగ్గినంత లోపలి వైపు పెరుగుతుంది. ఉపరితలం దాదాపు ఒకేలా నిలుస్తుంది. ఇది చాలక మొదట్లో మంటను అదుపు చేయడానికి గింజ మీద ఒక రసాయనపు పూత పూస్తారు. జారుడు కోసం, విద్యుదావేశం నిలవకుండా ఉండటం కోసం గ్రాఫైట్ కూడా పూస్తారు. ఆ బూడిద నిగనిగ దానిదే.

శైలజ: మనం పుస్తకాల్లో చదువుకున్న సూరేకారం, గంధకం, బొగ్గు?

బాబాయి: అది పాతకాలపు మందు. తెలుగులో నల్లమందు అందామంటే నల్లమందు అంటే వేరే కేసు పెడతారు! మన ఊరి చరిత్రలో ఉన్నది ఆ బొగ్గు మందే. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఫిరంగులు పోతపోయించి, మందుగుండు నిల్వ చేశాడని కంపెనీ సేన వచ్చి కోటను పట్టుకుంది. ఆ అక్టోబరులోనే జొహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును తిరుచిరాపల్లికి పంపేశారు. అప్పటికి ప్రపంచంలో ఉన్నది ఆ ఒక్క రకం మందే. దూదిని నత్రికామ్లంతో మార్చి తుపాకికి పనికొచ్చే పొగలేని మందును పాల్ వియే అనే ఫ్రెంచి ఆయన 1884లో తెచ్చాడు. 1887లో నోబెల్ దానికి నైట్రోగ్లిజరిన్ కలిపాడు. ఈ రోజుకీ డబ్బాలు ఆ రెండు జాతులే.

శైలజ: రెండింటికీ తేడా పొగేనా?

బాబాయి: పొగ పైకి కనిపించే తేడా. పాత మందు కాలాక బరువులో సగానికి పైగా మసిగా, బూడిదగా మిగులుతుంది. కొత్తది దాదాపు అంతా వాయువే అవుతుంది. తాతల నాటి తుపాకిలో పాత కొలగిన్నెతో కొత్త మందు పోస్తే గొట్టం చీలిపోతుంది. నిల్వ విషయంలో ఇంకో తేడా ఉంది. కొత్త మందు విడిగా ఉంటే భగ్గున మండుతుంది, మూసిన చోటైతే పేలుతుంది. బొగ్గు మందు అలా కాదు, చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. అందుకే ఆయన దాన్ని ఇంట్లోకే రానివ్వడు.

శైలజ: సరే, వేగం తెలిసింది. కొనడమేనా ఇక?

బాబాయి: కాదు. పుస్తకం తెరవాలి. మందు తయారీదారులు, గుండ్ల తయారీదారులు ప్రయోగశాలలో పీడనం కొలిచి పట్టికలు వేస్తారు. ఫలానా తొడుగు, ఫలానా బరువు గుండు, ఫలానా మందు, కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని ఉంటుంది. కనీసం దగ్గర మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతారు. పేరు దగ్గరగా ఉందని ఒకదాని బదులు ఇంకొకటి వాడకూడదు. 4895 అనే అంకెతో రెండు బ్రాండ్ల డబ్బాలున్నాయి, అంకె ఒకటే అయినా కొలతలు వేరు.

శైలజ: కొలత గ్రాముల్లోనా?

బాబాయి: గ్రెయిన్లలో. పౌనుకు 7,000 గ్రెయిన్లు. నీకు తెలుసా, మన తులం కూడా ఆ లెక్కలోనే పుట్టింది. కంపెనీ వాళ్లు 1833లో తులం అంటే 180 గ్రెయిన్లని స్థిరపరిచారు. ఆయన త్రాసు గ్రెయినులో పదో వంతు చూపిస్తుంది. ఆరున్నర మిల్లీగ్రాములు! కంసాలి త్రాసు కూడా సిగ్గుపడాలి. ఫ్యాను ఆపి తూస్తాడు. అరిజోనా ఎండలో ఫ్యాను ఆపితే ఎలా ఉంటుందో కర్నూలు వాళ్లకు చెప్పనక్కరలేదు.

శైలజ: ఎండకు మందు మారదా?

బాబాయి: మారుతుంది. వేడెక్కిన తూటాలో పీడనం పెరుగుతుంది. చలికాలంలో గరిష్ఠం దాకా పెంచి సరిచూసుకున్నది ఎండాకాలంలో హద్దు దాటవచ్చు. ఎండకు తక్కువ మారే రకాలు ఉన్నాయి, ఆయన రైఫిలుకు అవే కొంటాడు. ఎంపికలో ఇంకొక సంగతి నాకు బాగా నచ్చింది. .38 స్పెషల్ అనే రివాల్వరు తూటా 1898 నాటిది. బొగ్గు మందు ఎక్కువ పట్టాలి కాబట్టి తొడుగు పెద్దదిగా చేశారు. ఇప్పటి వేగపు మందు అడుగున కొంచెం పడితే చాలు. ఫలితం ఏమిటో చెప్పు?

శైలజ: చోటు మిగులుతుంది.

బాబాయి: చోటు మిగిలింది కాబట్టి పరధ్యానంలో రెండోసారి పోసినా పొంగదు, పైకి తెలియదు. తుపాకి పగిలేదాకా తెలియదు. అందుకని ఆయన కొంచెం ఎక్కువ చోటు తినే మందు ఎంచుకుంటాడు. రెండోసారి పడితే అంచు దాటి పొర్లుతుంది, కంటికి కనిపిస్తుంది. తక్కువ మందుతో పని జరిగితే డబ్బు మిగులు అనుకునే నాలాంటి పిసినారికి ఇది తట్టదు.

శైలజ: ఆయన దగ్గర మీరు చేసిన ఘనకార్యం ఏదో ఉందని తమ్ముడు అన్నాడు.

బాబాయి: వాడు చెప్పేశాడా! ఒక మధ్యాహ్నం ఆయన ఫోను మోగితే లోపలికి వెళ్లాడు. బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. కొలత యంత్రం గొట్టంలో పిడికెడు మందు మిగిలి ఉంది. పెద్దవాడిని, చేతులు కట్టుకుని ఊరికే కూర్చోవడం ఎందుకని దాన్ని దగ్గరున్న డబ్బాలో పోసేశాను. రెండూ బూడిద రంగే, రెండూ సేమియా ముక్కలే. ఆయన వచ్చి డబ్బా చూశాడు, నన్ను చూశాడు. "ముందు మూత పెట్టండి" అన్నాడు, అంతే. దాదాపు నిండు డబ్బా. కలిసిన మందును వేరు చేయలేం, ఏ పట్టికా దానికి వర్తించదు. దాని మీద టేపు అంటించి పనికిరాదని రాసి పక్కన పెట్టేశాడు.

శైలజ: తిట్టలేదా?

బాబాయి: డబ్బు ఇస్తానంటే తీసుకోలేదు. బల్ల మీద ఒక్క డబ్బానే ఉండాలన్నది తన నియమమట. రెండు పెట్టి వెళ్లడం తన తప్పే అన్నాడు. మర్నాడు వెళ్లేసరికి బల్ల ఎదురుగా గోడ మీద కాగితం, "ఒక్క డబ్బా" అని పెద్ద అక్షరాలతో.

శైలజ: పిన్నికి తెలుసా ఇది?

బాబాయి: తెలియదు. ఈ ముక్క తీసేయడానికి వీలవుతుందా అమ్మా?

శైలజ: వీలు కాదు బాబాయ్.