ఇంటికి కోర్టు అమీనా వస్తే ఏది తీసుకెళ్లొచ్చు, ఏది ముట్టుకోకూడదు? సెక్షన్ 60 చూసుకునే పద్ధతి

నమస్కారమండి. స్క్రీన్ కనపడుతోంది కదా? సరే, మొదలుపెట్టేద్దాం.

ఇవాళ జప్తు గురించి. ప్రామిసరీ నోటు కేసు కోర్టులో పడింది, డిక్రీ, అంటే బాకీ కట్టమని కోర్టు తీర్పు, అయిపోయింది, ఇప్పుడు అవతలాయన ఈపీ వేశాడు. డిక్రీ అమలు చేయించమని అడిగే పిటిషన్ అన్నమాట. నోటీసు ఇంటికొచ్చింది. ఇక ఇంట్లో ఒకటే టెన్షన్. సామాన్లన్నీ పోతాయా, ఇల్లు పోతుందా, ఆఖరికి పుస్తెలు కూడా తీసివ్వమంటారా అని. అన్నీ పోవండి. ఏవి పోవో చట్టంలో జాబితా ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908 నాటిది, అందులో సెక్షన్ 60. కాకపోతే ఆ జాబితా మన తరఫున ఇంకెవరూ చదివిపెట్టరు. మనమే వెళ్లి, ఫలానా వస్తువు ఫలానా క్లాజు కిందకి వస్తుందని కోర్టుకి చెప్పుకోవాలి.

ముందే ఒక మాట. డిక్రీ లేదు, జప్తుకి కోర్టు పంపే ఉద్యోగి, అదే అమీనా, లేడు, వడ్డీకిచ్చినాయన నలుగురిని వెంటేసుకొచ్చి బండి తాళాలు లాక్కున్నాడు. అది జప్తు కాదు. దానికి పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలి. ఈ వీడియో దాని గురించి కాదు.

మొదటి స్టెప్, కేసు చూడటం. ఈకోర్ట్స్ యాప్ తెరవండి, సీఎన్ఆర్ నంబర్, అంటే ప్రతి కేసుకీ విడిగా ఉండే నంబర్, కొట్టండి, సెర్చ్. ఇదిగో వచ్చేసింది. తర్వాతి వాయిదా ఇక్కడ, ఆర్డర్లు ఇక్కడ. నంబర్ లేకపోతే రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని పేరు మీద వెతకండి. ఇదంతా మీకు వచ్చే ఉంటుంది. నేనైతే నంబర్‌ని ఫోన్‌లో నోట్స్‌లో పెట్టేసుకుంటాను, ప్రతిసారీ కాపీ, పేస్ట్. పదహారు అక్షరాలు చూసి కొట్టడం నా వల్ల కాదు.

రెండోది, ఈపీ షెడ్యూలు. ఇది యాప్‌లో వెతక్కండి, నోటీసుతో వచ్చిన కాపీలో చివర ఉంటుంది. మీ కాపీలో లేకపోతే కోర్టులో కాపీకి అప్లై చేయండి. అమీనా ఏమేం జప్తు చేయాలో అవతలాయన రాసిచ్చిన పట్టీ ఇది. కాగితాల్లో జేడీఆర్ అని ఉంటే బాకీ కట్టాల్సిన మనం, డీహెచ్ఆర్ అని ఉంటే డిక్రీ తెచ్చుకున్న ఆయన.

మూడోది, సెక్షన్. ఇండియా కోడ్ సైట్, సివిల్ ప్రొసీజర్, సెక్షన్ 60, క్లిక్. కిందకి, కిందకి... ఇదిగో, ఇక్కడి నుంచి ఏ, బీ, సీ అని క్లాజులు. తెరిచి ఉంచండి. నాకు సొంతంగా పుస్తకమే ఇష్టం, పెన్సిల్‌తో గీతలు గీసుకోవచ్చు. మీ ఇష్టం.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెడదాం. స్క్రీన్ మీద ఉన్నది నేను తయారుచేసిన మాదిరి షెడ్యూలు, ఎవరిదీ కాదు. కలర్ టీవీ, ఇత్తడి బిందెలు, మంచం పరుపు, కుట్టుమిషన్, మోటార్ సైకిల్, పాడిగేదె, బంగారు గాజులు, పెంకుటిల్లు, అరెకరం కొబ్బరితోట.

టీవీ పోతుంది. బండి పోతుంది. వాటికి మినహాయింపు లేదు, ముందుకెళ్దాం.

బిందెలు, మంచం, పరుపు. ఏ క్లాజు. అవసరమైన బట్టలు, వంటసామాను, మంచాలు, పక్కబట్టలు, మనవీ, భార్యాపిల్లలవీ, ఇవి ముట్టుకోకూడదు. అవసరమైన అన్న మాట గమనించండి. ఇంట్లో నలుగురికి వండుకునే గిన్నెలు వేరు, పెళ్లిళ్లకి అద్దెకిచ్చే గంగాళాలు, డేగిసాలు వేరు. అవి కూడా వంటసామానేనండి అంటే జడ్జిగారు ఒప్పుకోరు.

గాజులు. ఇదీ ఏ క్లాజే. ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీద నుంచి తీయకూడని నగకే రక్షణ. పుస్తెలకి ఉంటుంది. బంగారు గాజులకి, హారానికి ఆ క్లాజు పనికిరాదు. అయితే ఆ గాజులు పుట్టింటివాళ్లు పెట్టినవి, అప్పు భర్తది అనుకోండి. అప్పుడు అవి అసలు ఆయన ఆస్తే కాదు. ఆవిడ తన పేరుతో క్లెయిమ్ పిటిషన్ వేసుకోవాలి, ఆర్డర్ 21, రూల్ 58. తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చి ఇక్కడ పెట్టుకున్న టీవీ ఉంటే అదీ అంతే, తమ్ముడే అడగాలి. బిల్లు ఉంటే జతచేయండి.

కుట్టుమిషన్. బీ క్లాజు, చేతిపనివాళ్ల పనిముట్లు. దాని మీదే బతుకుతుంటే అడగండి. బండారులంకలో నేతపనివాళ్ల మగ్గం, వడ్రంగి బాడిత, చిత్రిక, ఇవన్నీ ఈ క్లాజే. ఊరికే ఓ మూల పడున్న మిషన్‌కి మాత్రం వాదన నిలవదు.

గేదె. రైతు అయితే వ్యవసాయ పనిముట్లు, పశువులు, విత్తనపు ధాన్యం, ఇవి బతకడానికి ఎంత అవసరమో కోర్టు చూసి ఆ మేరకు వదిలిపెడుతుంది. కిరాణా కొట్టాయన గేదెకి ఇది రాదు.

ఇల్లు. సీ క్లాజు. రైతుది గానీ, కూలీది గానీ, ఇంటిపనివాళ్లది గానీ అయ్యుండి, వాళ్లే అందులో ఉంటుంటే ఇల్లు, దాని స్థలం, ఆనుకుని వాడుకకి కావలసిన జాగా జప్తు చేయకూడదు. మరి రైతు అంటే ఎవరు? పాస్‌బుక్ ఉన్న ప్రతివాడూ కాదండి. 1961లోనే సుప్రీంకోర్టు చెప్పింది, సాగు మీదే ఆధారపడి బతికేవాడై ఉండాలని. రావులపాలెంలో షాపు, పైన అద్దెలు, ఊళ్లో రెండెకరాలు కౌలుకిచ్చి నేను రైతునంటే కుదరదు.

కొబ్బరితోట. ఇక్కడ మన గోదావరి డెల్టాలో చాలామంది పొరబడతారు. ఇంటికి రక్షణ ఉంది కాబట్టి పొలానికీ ఉంటుందనుకుంటారు. సెక్షన్ 60లో పొలానికి మినహాయింపు లేదు. వ్యవసాయ భూమిని వేలం వేయకూడదట కదా అని కామెంట్లలో అడుగుతున్నారు. అది 2002 నాటి సర్ఫేసీ చట్టం, బ్యాంకులు కోర్టుకి వెళ్లకుండా తాకట్టు ఆస్తి అమ్ముకునే చట్టం. అందులో వ్యవసాయ భూమిని మినహాయించారు. నోటు బాకీ డిక్రీకి దాంతో సంబంధం లేదు. పైగా వరిచేను రొయ్యల చెరువైపోయాక అది వ్యవసాయ భూమా కాదా అన్నది ఇంకో పెద్ద గొడవ, దాని జోలికి ఇవాళ వెళ్లను. ఇంకోటి, మీరే తాకట్టు పెట్టిన ఆస్తి, ఫైనాన్స్ మీదున్న బండి, వాటి దారి వేరు. ఈ జాబితా వాటిని కాపాడుతుందని ధీమాగా ఉండకండి.

ఇక జీతం. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్తాను. మొదట్లో నన్ను బాగా తిప్పలు పెట్టిన లెక్క ఇదే.

కూలీ డబ్బులైతే లెక్కే లేదు. కొబ్బరి దింపు కూలి, ఒలుపు కూలి, నాట్ల కూలి, పైసా ముట్టుకోకూడదు. నెల జీతగాళ్లకే ఈ లెక్క. చట్టంలో ఏముందంటే, మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు, ఇవి మనవి. అంటే కోత పడేది మిగిలిన మూడో వంతు. 25,000 జీతం అనుకోండి. వెయ్యి తీసేయండి, 24,000. దాన్ని మూడుతో భాగించండి, 8,000. అదే గరిష్ఠం. మీ చేతికి 17,000. చాలామంది వెయ్యి తీయకుండా 25,000ని మూడుతో భాగిస్తారు, 8,333 వస్తుంది. ఆ 333 ప్రతి నెలా మీ డబ్బే పోతుంది.

ఇదిగో షీట్‌లో చూపిస్తా. ఈక్వల్, బ్రాకెట్, బీ2 మైనస్ 1000, బ్రాకెట్ మూసి, స్లాష్ 3. ఎంటర్. ఆయ్, అంతే. బీ2లో ఏ జీతం వేయాలి? చేతికొచ్చేది కాదు. మొత్తం జీతం వేసి, అందులో ప్రభుత్వం జప్తు నుంచి మినహాయించినట్టు ప్రకటించిన అలవెన్సులు ఉంటే వాటిని తీసేయండి. పీఎఫ్, సొసైటీ లోను, ఎల్‌ఐసీ ప్రీమియం కోసుకున్నాక మిగిలింది వేస్తే లెక్క తప్పుతుంది. మళ్లీ చెప్తున్నా, చేతికొచ్చేది కాదు.

ఇంకా ఉంది. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు కోత పడిందంటే, మధ్యలో ఆగినా సరే, కలిపి 24 అయితే, ఆ డిక్రీకి ఇక మీ జీతం ముట్టుకోకూడదు. వేరే వేరే డిక్రీలైతే 24 నెలల తర్వాత 12 నెలలు విరామం. ఆఫీసులో జీతాల బిల్లు చేసేవాళ్లు నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చోరు, ఆర్డర్ ఉంది కాబట్టి కోసుకుంటూ పోతుంటారు. పే స్లిప్పులన్నీ ఒక ఫోల్డర్‌లో వేసుకోండి, కోత పడిన ప్రతి నెలా షీట్‌లో ఒక టిక్ పెట్టండి. 24 దగ్గర కోర్టులో పిటిషన్. అప్పు తీరిపోయిందని కాదు, జీతం మీద కోత ఆగుతుంది, వేరే ఆస్తి మీదకి వాళ్లు రావచ్చు.

భార్యాపిల్లల మనోవర్తి డిక్రీ అయితే ఇవేం వర్తించవు. జీతంలో మూడో వంతే మిగులుతుంది, రెండు వంతులు జప్తుకి దొరుకుతాయి.

పీఎఫ్, పీపీఎఫ్, జీవిత బీమా డబ్బు, ప్రభుత్వ పెన్షన్, అన్నీ జాబితాలో ఉన్నాయి. చదువుకోండి.

ఇప్పుడు పిటిషన్. ఈపీ నంబర్ పైన, కింద అఫిడవిట్, దాని కింద మనం ఇందాక వేసిన పట్టిక. వస్తువు, క్లాజు, ఆధారం, మూడు గళ్లు. రైతు అంటే పాస్‌బుక్, కౌలు కార్డు. నేతపనివాళ్లయితే సొసైటీ కార్డు. నేను వాయిస్ టైపింగ్‌లో తెలుగులో చెప్పేసి తర్వాత సర్దుకుంటాను, చేత్తో రాసే ఓపిక లేదు. వాయిదాకి ముందే వేయండి. ఊరుకుని, జప్తు, వేలం అన్నీ అయ్యాక వెళ్తే అప్పుడెందుకు చెప్పలేదని మొదటి ప్రశ్న అదే వస్తుంది. లాయరు ఫీజు కష్టమైతే 15100కి ఫోన్ చేయండి, న్యాయసేవాధికార సంస్థది. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఇస్తారు.

చివరిగా కామెంట్లలో వచ్చినవి రెండు. రాత్రిపూట అమీనా రావచ్చా? పొద్దుగూకాక, పొద్దు పొడవకముందు సామాను జప్తుకని ఇంట్లోకి రాకూడదు, సెక్షన్ 62. రెండోది, నోటు రాసేటప్పుడే నాకు ఏ మినహాయింపులూ వద్దు అని సంతకం పెట్టించుకున్నారండీ, ఇప్పుడెలా అని. సెక్షన్ 60లోనే, ఇదిగో ఇక్కడ, 1ఏ. అలాంటి ఒప్పందం చెల్లదు. ఈ లైను స్క్రీన్‌షాట్ తీసుకుని మీ లాయరుగారికి పంపండి.