షేకర్‌లో కల్చర్, ట్రాఫిక్‌లో బస్సు

[తెరపై: షేకర్‌లో తిరుగుతున్న ఫ్లాస్కు. గోడ గడియారం 9:00]

వాయిస్: ఈ.కోలై బ్యాక్టీరియాతో ప్రోటీన్ తయారు చేయించాలి. రాత్రంతా పెరిగిన కల్చర్, అంటే బ్యాక్టీరియా ఉన్న ద్రవం, 5 మిల్లీలీటర్లు తీసి, 500 మిల్లీలీటర్ల ఎల్‌బీ అనే పోషక ద్రవంలో కలుపుతాం. ఫ్లాస్కుని ఊపే యంత్రం షేకర్‌లో 37 డిగ్రీలు, నిమిషానికి 200 చుట్లు. బ్యాక్టీరియా ఎంత పెరిగిందో చెప్పే ఓడీ 0.6కి చేరడానికి సుమారు రెండున్నర గంటలు పడుతుందనుకుందాం. ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ అనే రసాయనం వేశాక ఇంకో 4 గంటలు. సెంట్రిఫ్యూజ్ తిప్పి, అడుగున చేరిన బ్యాక్టీరియా ముద్దని ఫ్రీజర్‌లో పెట్టేసరికి ముప్పావుగంట. అంటే సాయంత్రం 4:15కి పని పూర్తి.

[గడియారం 10:30కి జరుగుతుంది]

పరిశోధకులు ల్యాబ్‌కి వచ్చే బస్సు గంటన్నర ఆలస్యమైంది. ఇప్పుడు పని తేలేది 5:45కి. తిరిగి వెళ్లే బస్సేమో 5:30కే. చేసేదిలేక 4 గంటలు ఉంచాల్సిన కల్చర్‌ని 3 గంటలకే దించేస్తారు. ప్రోటీన్ వస్తుంది, కానీ పోయినవారం బ్యాచ్‌తో పోల్చడానికి పనికిరాదు. రోడ్డు మీద పోయింది గంటన్నరే, ల్యాబ్‌లో పోయింది రోజంతా.

దీనికో దారి ఉంది. మధ్యాహ్నం మొదలుపెట్టి, ఐపీటీజీ వేసే ముందు కల్చర్‌ని చల్లబరిచి, 18 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేయడం. పొద్దున అరగంట అటూఇటూ అయినా పెద్ద తేడా రాదు. గంటగంటకీ శాంపిల్ తీయాల్సిన ప్రయోగానికి మాత్రం ఈ కిటుకు పనిచేయదు.

[తెరపై: బస్‌స్టాప్, ఒకదాని వెనకే ఒకటిగా రెండు బస్సులు]

ఇరవై నిమిషాలకో బస్సు సరిగ్గా వస్తే, సగటున 10 నిమిషాలు నిలబడాలి. అవే బస్సులు 40 నిమిషాలకోసారి జంటగా వస్తే? సగటు నిరీక్షణ 20 నిమిషాలు. డిపో లెక్కలో బస్సుల సంఖ్య మాత్రం మారలేదు! పరిశోధకులను దెబ్బతీసేది దూరం కన్నా ఈ అనిశ్చితే అని మా అభిప్రాయం.

[తెరపై: బీజింగ్ సబ్‌వే మ్యాప్]

రవాణా మెరుగైతే మనుషులు కలుస్తారు కూడా. 2000 నుంచి 2018 వరకు బీజింగ్ సబ్‌వే విస్తరణను పరిశీలించిన ఆర్థికవేత్తలు, రెండు ప్రాంతాల మధ్య ప్రయాణం గంట తగ్గితే ఉమ్మడి పేటెంట్లు 15 నుంచి 38 శాతం పెరిగాయని తేల్చారు. గంట తగ్గడమంటే మామూలు విషయం కాదు. పైగా పేటెంట్లే సైన్సంతా కాదు.

[తెరపై: హైదరాబాద్ మెట్రో బ్లూ లైన్]

మన దగ్గర తార్నాక, హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్లు వరుసగా ఉన్నాయి. సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ పరిశోధన సంస్థలు ఈ చుట్టుపక్కలే. రైలు రాయదుర్గంతో ఆగిపోతుంది. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీకి అక్కడి నుంచి మళ్లీ బస్సో ఆటోనో. ఆ చివరి ముక్కలోనే టైమ్ చెప్పలేం.

[తెరపై: షేకర్ తలుపు మీద అంటించిన కాగితం]

మీ ఆఖరి బస్సు టైమ్ రాసి షేకర్‌కి అంటించండి. అందులోంచి స్టాప్‌కి నడిచే సమయం, ముప్పావుగంట, 4 గంటలు, రెండున్నర గంటలు వెనక్కి లెక్కేయండి. ల్యాబ్‌కి చేరేసరికి ఆ టైమ్ దాటిపోయిందా, ఈరోజుకి ఫ్లాస్కు ముట్టుకోకండి. ప్రయోగాలకు కావాల్సిన బఫర్ ద్రావణాలు కలుపుకోండి.